ఇసుకలో నాటిన చెట్టు బతకాలంటే: వేరుబూజు (మైకోరైజా) మన చేత్తో మనమే ఎలా పెంచుకోవాలి

ముందే చెప్తున్నా, ఇది వ్యామ్ ప్యాకెట్ (అంగట్లో దొరికే వేరుబూజు) కొనుక్కొచ్చి చెట్టు మొదట్లో పైపైన చల్లేసి, నెల తిరక్కముందే "ఏం తేడా లేదండీ, అంతా మోసం" అనేవాళ్ళ కోసం. పైన చల్లితే తేడా ఎట్లా వస్తుంది? ఆ బూజుకి వేరు తగలాల. వేరు దొరక్కపోతే నాలుగు పోగులు సాగి ఆడికే ఆగిపోతుంది, సొంతంగా తిండి సంపాదించుకునే శక్తి దానికి లేదు. చెట్టు ఇచ్చే చక్కెర తిని, బదులుగా మట్టిలోని భాస్వరం, జింకు, కాస్త నీళ్ళు చెట్టుకి తెచ్చిస్తుంది. వేరు మీద ఉండే సన్న నూగు ఒకటి రెండు మిల్లీమీటర్ల దాకా పోతే ఎక్కువ, ఈ పోగులు దాన్ని దాటుకుని కొన్ని సెంటీమీటర్ల దూరం పోతాయి. అంతే సంగతి, మ్యాజిక్ ఏం లేదు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పటి నుంచి మన తిరుపతికి సముద్రం కూడా వచ్చింది గదా. వాకాడు, తూపిలిపాళెం, తడ వైపు ఇసుక నేలల్లో సరుగుడు వేసేవాళ్ళు ఒకపక్క, చిత్తూరు వైపు ఎర్ర నేలల్లో మామిడి, చింత, ఎర్రచందనం పెట్టేవాళ్ళు ఇంకోపక్క, ఇద్దరికీ పనికొచ్చే మాదిరి రాస్తున్నా. పద్ధతి ఒకటే, చివర్లో కొంచెం తేడా ఉంటుంది.

అసలు ఇది ఎంత ముఖ్యమో పైన్ చెట్లని చూస్తే తెలుస్తుంది. ప్యూర్టోరికో దీవిలో సహజంగా పైన్ చెట్లే లేవు, అక్కడోళ్ళు ఎన్నిసార్లు విత్తనం వేసినా మొలిచి, పసుపు తిరిగి, గిడసబారి చచ్చిపోయేవి. 1950ల్లో అమెరికాలోని పైన్ అడవి కింద మట్టి తెచ్చి ఆ మొక్కల మొదట్లో కలిపితే అప్పుడు పట్టుకుని లేచాయి. మట్టిలో బలం లేక కాదు, బూజు లేక. ఇంక జపాన్ సంగతి. వాళ్ళకి సముద్రపు గాలికి, ఇసుకకి అడ్డంగా ఒడ్డు పొడుగునా నల్ల పైన్ తోపులు పెంచే అలవాటు వందల ఏళ్ళ నుంచి ఉంది. 2011 మార్చి 11 సునామీలో రికుజెన్‌తకత అనే ఊరి తోపులో దగ్గర దగ్గర 70 వేల చెట్లు పోయి ఒక్కటంటే ఒక్కటే నిలబడింది, అది కూడా ఉప్పునీళ్ళకి వేర్లు కుళ్ళి 2012లో చచ్చిపోయింది. ఆ సునామీకి ముందే చాలాచోట్ల ఆ తోపులు జబ్బుపడి ఉన్నాయి. కంటికి కనపడని నులిపురుగు ఒకటి, దాన్ని మోసుకొచ్చే పొడుగు మీసాల పెంకుపురుగు ఒకటి, రెండూ కలిసి పైన్ తోపుల్ని ఎండగొట్టేశాయి. వాళ్ళు మళ్ళీ తోపులు పెంచడంలో నేర్చుకున్న రెండు మూడు కిటుకులు మనకి ఇక్కడ కూడా పనికొస్తాయి, ఆ పని వచ్చిన దగ్గర చెప్తా.

ముందు ఏ చెట్టుకి ఏ బూజో చూసుకోండి

దీంట్లో రెండు రకాలు, ఇది తెలీక డబ్బులు పోగొట్టుకునేవాళ్ళే జాస్తి. ఒకటి వేరు బయట తొడుగు మాదిరి పట్టేది. పైన్‌కి, నీలగిరికి, సాల చెట్టుకి ఇది. పైన్ మొక్క వేరు కడిగి చూస్తే పొట్టి పొట్టి పిల్లవేర్లు చివర రెండుగా చీలి, వాటిమీద తెల్లటి లేదా ఆవపిండి రంగు పూత ఉంటుంది, కంటికే కనపడుతుంది, చిన్న భూతద్దం ఉంటే చాలు. పుట్టగొడుగులు కూడా దీనికే వస్తాయి. రెండోది వేరు లోపలికి దూరేది, వ్యామ్ అని అంగట్లో అమ్మేది ఇదే. మామిడి, చింత, ఎర్రచందనం, టమోటా, వేరుశనగ, మొక్కజొన్న, రాగి, ఉల్లి, ఇట్లా మన పంటల్లో నూటికి డెబ్భై ఎనభై దీని కిందికే వస్తాయి. దీనికి పుట్టగొడుగు రాదు, వేరు చూస్తే ఏమీ కనపడదు, మైక్రోస్కోప్ కావాల్సిందే.

సరుగుడు మాత్రం వింత చెట్టు. చూడ్డానికి పైన్ మాదిరే ఉంటుంది, సూదాకులు, చిన్న కాయలు, గాలికి అదే హోరు, కానీ పైన్‌కి దీనికి చుట్టరికమే లేదు. దీనికి లోపలి బూజు పడుతుంది, ఒక్కోచోట బయటి బూజు కూడా పడుతుంది, ఇవి కాక ఫ్రాంకియా అనే బాక్టీరియా వేర్ల మీద గుత్తులు కట్టి గాల్లో నత్రజని పట్టిస్తుంది. అందుకే ఉత్త ఇసుకలో కూడా బతికేస్తుంది.

క్యాబేజీ, ముల్లంగి, ఆవాలు వీటికి ఏ బూజూ పట్టదు. పాలకూర, తోటకూరకి కూడా దాదాపు అంతే. వాటికి వ్యామ్ వేయమని ఎవరైనా చెప్తే నవ్వేసి ఊరుకోండి.

మట్టి యాడ తేవాలి

ప్యాకెట్ కొనొచ్చు, తప్పేం లేదు, తయారీ తేదీ చూసి కొనండి, ఎండలో పెట్టి అమ్మే అంగట్లో మాత్రం కొనొద్దు. కానీ ఆ ప్యాకెట్‌ని నేరుగా ఎకరాలకి చల్లేకంటే దాన్ని తోడు మాదిరి వాడుకుని మీరే పెంచుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. కొనడం ఇష్టం లేకపోతే, మీరు పెంచదలచుకున్న జాతి చెట్టే ముదురుది, ఆరోగ్యంగా ఉన్నది, పదేళ్ళుగా ఎవరూ మందులు కొట్టనిది చూసుకోండి. దాని కొమ్మల నీడ అంచున పైనున్న ఆకు చెత్త పక్కకి తోసేసి, ఒక జానెడు లోతు లోపల సన్న వేర్లతో పాటు మట్టి తీయండి. వేర్లు ముఖ్యం, లావు వేరు కాదు, దారం మాదిరి ఉండేవి. నాలుగైదు చెట్ల కింద కొంచెం కొంచెం తీసి కలిపితే ఇంకా మంచిది, రకరకాల బూజులు వస్తాయి.

అడవిలో మాత్రం తవ్వొద్దు. శేషాచలం అంతా రిజర్వు ఫారెస్టు, అందులో కొంత నేషనల్ పార్క్ కూడా. ఎర్రచందనం చెట్టు కింద గోనెసంచి, పార పట్టుకుని కూర్చుని "బూజు కోసం వచ్చాను సార్" అంటే టాస్క్‌ఫోర్స్ వాళ్ళు ఎంతమాత్రం నమ్ముతారో మీరే ఆలోచించుకోండి. పట్టా భూమిలో పెంచినోళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు, వాళ్ళనడిగి ఒక బకెట్ మట్టి తెచ్చుకోండి.

జబ్బు చెట్టు కింద మట్టి వద్దు, ఇది గట్టిగా చెప్తున్నా. సరుగుడైతే బెరడు బొబ్బలు మాదిరి ఉబ్బి, పగిలితే లోపల నల్లటి పొడి రాలే చెట్టు ఉంటుంది, ఆ తోట జోలికే పోవద్దు, మీరు బూజుతో పాటు రోగం కూడా ఇంటికి తెచ్చుకున్నట్టే. మామిడైనా చింతైనా వేరు కుళ్ళు ఉన్న తోట, టమోటా వేర్లకి బుడిపెలు వచ్చే చేను, ఇవన్నీ వదిలేయండి.

తొట్టి పెట్టడం

ఇదే అసలు పని, కొంచెం ఓపిగ్గా చదవండి.

ఏప్రిల్‌లో మొదలుపెట్టండి, మన రేణిగుంట ఎండలు ఈ ఒక్క పనికైనా పనికొస్తాయి. తొట్టిలోకి వాడే మట్టిని ముందు శుద్ధి చేయాలి, లేకపోతే మంచి బూజుతో పాటు చెడ్డవి కూడా పెరుగుతాయి. మట్టిని బాగా తడిపి, అర అడుగు మందం పరిచి, పైన పారదర్శకంగా ఉండే పాలిథిన్ షీట్ కప్పి అంచులన్నీ మట్టితో మూసేయండి. నల్ల షీట్ కాదు, తెల్లగా లోపలికి ఎండ పోయేది కావాలి, నల్లదైతే షీటే వేడెక్కి మట్టికి వేడి సరిగ్గా దిగదు. నాలుగు నుంచి ఆరు వారాలు కదపొద్దు.

తర్వాత మీటరు పొడుగు, మీటరు వెడల్పు, ఒక అడుగు లోతు గుంత తీసి, అడుగున, పక్కల్లో నల్ల పాలిథిన్ పరవండి, ఇక్కడ నల్లదే మంచిది. ఇదే మన తొట్టి. దాంట్లోకి 50 కేజీల వర్మిక్యులైట్, 5 కేజీల శుద్ధి చేసిన మట్టి కలిపి ఒక జానెడు ఎత్తు నింపండి. వర్మిక్యులైట్ అంటే వర్మి కంపోస్ట్ కాదు, చాలామంది ఇక్కడే తికమక పడతారు. అది మెరుస్తా తేలిగ్గా ఉండే ఖనిజం, నర్సరీ సామాన్లు అమ్మేచోట దొరుకుతుంది. ఖర్చు అనిపిస్తే కడిగిన ఏటి ఇసుక, శుద్ధి చేసిన ఎర్రమట్టి సగం సగం వేసుకోండి, దిగుబడి కొంచెం తగ్గుద్ది కానీ పని నడుస్తుంది. ఇప్పుడు తోడు, అంటే మీరు తెచ్చిన వేరుమట్టి లేదా ప్యాకెట్‌ది ఒక కేజీ, పై నుంచి రెండు మూడు సెంటీమీటర్ల లోపల పొర మాదిరి పరిచి మళ్ళీ పైన మిశ్రమం కప్పేయండి.

దీనిమీద మొక్కజొన్న విత్తండి. మందు పూసిన విత్తనం, అదే గులాబీ రంగు పూత ఉండేది వద్దు, అది శిలీంధ్రాన్ని చంపే మందు, మనం పెంచేది కూడా శిలీంధ్రమే. ఇంట్లో దాచిన కంకి గింజలు కడిగి వేసుకోండి. రాగి గానీ జొన్న గానీ ఒక పక్కన కలిపి వేస్తే ఇంకా మంచిది, వేర్లు సన్నంగా జాస్తిగా వస్తాయి. ఎరువు విషయంలో చేయి బిగబట్టండి. విత్తేటప్పుడు తొట్టి మొత్తానికి 2 గ్రాముల యూరియా, 2 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్, 1 గ్రాము పొటాష్, అంతే, చిటికెలు చిటికెలుగా. ముప్పయ్యో రోజు, నలభై ఐదో రోజు 10 గ్రాముల చొప్పున యూరియా. భాస్వరం జాస్తి వేశారంటే మొక్కకి బూజు అవసరమే ఉండదు, అవసరం లేనోళ్ళని ఎవరు ఇంట్లో పెట్టుకుంటారు, వేరు లోపలికే రానీదు. డీఏపీ లాంటి భాస్వరం ఎరువు అలవాటు ఉన్నోళ్ళకి ఇది కష్టంగా ఉంటుంది, నాకు తెలుసు, పచ్చగా ముదురు రంగులో లేకపోతే మనసు ఒప్పదు. మొక్క కొంచెం ఆకలితో ఉండాలి, అదే ఇక్కడి కిటుకు. నీళ్ళు కూడా తీపినీళ్ళే, సముద్రం పక్క ఉప్పు బోరు వద్దు.

అరవై రోజులకి నీళ్ళు ఆపేసి వారం పదిరోజులు మొక్కల్ని వాడనీయండి. అప్పుడు బూజు "ఇంక ఇల్లు పోతోంది" అన్నట్టు విత్తులు, అదే స్పోర్లు, జాస్తిగా కడుతుంది. పైభాగం కోసి పశువులకి వేసేయండి, వేర్లు బయటికి తీసి కత్తెరతో సెంటీమీటరు ముక్కలు చేసి అదే మిశ్రమంలో కలిపేయండి. వర్మిక్యులైట్ తొట్టికి 55 కేజీల దాకా వస్తుంది. నీడలో ఆరబెట్టి గోనెసంచిలో పెట్టండి, ఎండలో మాత్రం వద్దు. ఒక సంచి పక్కన పెట్టుకుంటే వచ్చే ఏడు దాన్నే తోడు వేసుకోవచ్చు.

పట్టిందా లేదా ఎట్లా తెలుస్తుంది

నమ్మకంతో వదిలేయకండి, చూసుకోవచ్చు. ఊర్లో జూనియర్ కాలేజీ బోటనీ ల్యాబ్ ఉంటే, అక్కడ మేష్టారు మంచోడైతే, ఒక మధ్యాహ్నం పని. నలభై ఐదో రోజు తొట్టిలోంచి సన్న వేర్లు కొన్ని తీసి కడిగి, 10 శాతం కాస్టిక్ పొటాష్ ద్రావణంలో వేడి చేస్తే వేరు రంగు పోయి అద్దం మాదిరి అవుతుంది. ఇది చర్మాన్ని కాల్చే మందు, గ్లవ్స్, కళ్ళద్దాలు లేకుండా చేయొద్దు, ఇంట్లో వంట గిన్నెల్లో అసలొద్దు. తర్వాత నీళ్ళలో కడిగి, వెనిగర్‌లో 5 శాతం ఫౌంటెన్ పెన్ ఇంకు కలిపి మూడు నిమిషాలు మరగనిచ్చి, మళ్ళీ కొంచెం వెనిగర్ కలిపిన నీళ్ళలో కడిగి స్లైడ్ మీద పెట్టండి. వేరు పారదర్శకంగా, బూజు మాత్రం ఇంకు రంగులో కనపడుతుంది, పొడుగు పోగులు, వాటికి అక్కడక్కడా కోలగా ఉబ్బిన సంచులు, ఇంకా జాగర్తగా చూస్తే కణం లోపల చెట్టు కొమ్మలు చీలినట్టు ఒక చిన్న గుబురు. ఇచ్చిపుచ్చుకోవడం అంతా జరిగేది ఆ గుబురు దగ్గరే. మొదటిసారి చూసినోళ్ళు ఎవరైనా ఒక నిమిషం కన్ను తీయరు.

ఇదంతా కుదరకపోతే సులభమైనది ఇంకోటి, పది కవర్లలో తొట్టిలో తయారైన మిశ్రమం (ఇక మీదట దీన్నే తోడు అంటా) వేసి, పది కవర్లలో వేయకుండా ఒకే రోజు ఒకే విత్తనం పెట్టి పక్కపక్కన ఉంచండి. రెండు నెలల్లో ఎత్తులో తేడా కనపడాలి. మీ మట్టిలో భాస్వరం ముందే జాస్తిగా ఉంటే తేడా కనపడదు, అట్లాంటప్పుడు తోడుని తప్పుపట్టొద్దు. తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో మట్టి పరీక్ష గురించి అడగండి.

కవర్లు నింపేటప్పుడు

నర్సరీ కవర్ ఒక్కోదానికి తోడు 5 నుంచి 10 గ్రాములు. నారుమడి అయితే చదరపు మీటరుకి 100 గ్రాములు. కవర్ సగం పైగా నింపి, తోడు వేసి, పైన రెండు మూడు సెంటీమీటర్లు మట్టి వేసి అప్పుడు విత్తనం. వేరు దిగేటప్పుడు ఆ పొరలోంచే దూరిపోవాలి, అన్ని మూలలకీ కలపాల్సిన పని లేదు. పచ్చి పేడ వద్దు, బాగా మాగిన ఎరువు కొంచెం చాలు. నారుకుళ్ళు వస్తుందని కార్బెండజిమ్ మందు పోసే అలవాటు మన నర్సరీల్లో ఉంది, అది పోశారంటే లోపలి బూజు కూడా దెబ్బతింటుంది. నారుకుళ్ళు రాకుండా ఉండాలంటే నీళ్ళు తగ్గించండి, కవర్లకి గాలి ఆడనీయండి, సగం రోగాలు తడి వల్లే.

సరుగుడు విత్తనం చాలా సన్నం, చీమలు ఒక్క రాత్రిలో ఎత్తుకుపోతాయి, మడి చుట్టూ చూసుకోండి. నెల, నెలన్నరకి పీకి కవర్లలోకి మార్చేటప్పుడే వేరుకి తోడు తగిలించండి. దానితో పాటు ముదురు సరుగుడు వేర్ల మీద గుత్తులు కట్టిన ఫ్రాంకియా బుడిపెలు గుప్పెడు తెచ్చి, చివర్లు లేత రంగులో గట్టిగా ఉన్నవి ఏరి, నల్లగా డొల్లగా ఉన్నవి పారేసి, బాగా కడిగి రోట్లో నూరి నీళ్ళలో కలిపి మొక్క మొదట్లో పోయండి. ఇది తెచ్చిన రోజే చేయాలి, ఎండిపోతే దండగ.

పైన్ కావాలనుకునేవాళ్ళకి ఈ తొట్టి పనికిరాదు, నీలగిరికి కూడా బయటి బూజే ముఖ్యం. వానల తర్వాత నీలగిరి తోపు కింద నేలలోంచి గోధుమ రంగు గుండు మాదిరి ఒకటి పైకి వస్తుంది, పగిలితే దుమ్ము లేస్తుంది, పిసోలిథస్ అంటారు. ఆ పొడి నీళ్ళలో కలిపి నీలగిరి నారుకి పోస్తే చాలు. నీలగిరి కింద దొరికింది పైన్‌కి సరిగ్గా పట్టదు, అది పైన్ కిందే ఏరుకోవాలి, మన పక్క పైన్ పెట్టి మీరేం చేస్తారో నాకైతే తెలీదు.

నాటేటప్పుడు

మనకి పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్, కాబట్టి నాటేది అక్టోబర్ చివర, నవంబర్ మొదట్లో. నాటడానికి ముందు రెండు వారాలు నీళ్ళు తగ్గించి ఎండకి అలవాటు చేయండి. కవర్ చింపేటప్పుడు మట్టిగడ్డ విరగ్గొట్టొద్దు, దాంట్లోనే మీరు నాలుగు నెలలు పెంచిన పోగులన్నీ ఉంటాయి. గుంతలో ఇంకో 20 గ్రాముల తోడు వేయండి.

ఇక్కడ జపాన్ వాళ్ళ కిటుకు, బొగ్గు. వాళ్ళు పైన్ చెట్టు చుట్టూ కాలువ తీసి బొగ్గుపొడి నింపి, దాంట్లో శోరో అనే పుట్టగొడుగు విత్తులు కలుపుతారు, ఈ పద్ధతిని మకోటో ఒగావా అనే శాస్త్రవేత్త బాగా ప్రచారం చేశాడు. బొగ్గులో సన్నటి బొరియలు ఉంటాయి, తడి నిలుస్తుంది, కానీ తినడానికి ఏమీ ఉండదు, అందువల్ల చెత్త తిని బతికే బూజులు రావు, చెట్టు దగ్గర చక్కెర తినే బూజు మాత్రం హాయిగా అల్లుకుంటుంది. మనకి సర్కారు తుమ్మ బొగ్గు కావాల్సినంత, దంచి గుంతకి రెండు గుప్పెళ్ళు వేయండి. బూడిద కాదు, బొగ్గు.

సముద్రం పక్క నాటేవాళ్ళకి ఒక మాట. అలల దాకా నాటుకుంటూ పోవద్దు. ఆ ఖాళీ ఇసుక మీద ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి, సరుగుడు వేర్లు, రాలిన ఆకు వాటికి అడ్డం. ముందు వరసలో బాలబంద తీగని, రావణాసురుడి మీసాల గడ్డిని పీకకుండా వదిలేయండి, వాటి వేర్లలో కూడా ఈ లోపలి బూజే ఉంటుంది, ఇసుక రేణువుల్ని పోగులతో అల్లి పట్టుకునేది అవే. వాటి వెనక మీ మొదటి వరస పెడితే బూజు ముందే సిద్ధంగా ఉంటుంది.

నాటినాక రాలిన ఆకుని ఏం చేయాలి

జపాన్‌లో పల్లె జనం పైన్ తోపుల్లో రాలిన ఆకంతా పొయ్యిలోకి ఊడ్చుకుపోయేవాళ్ళు. గ్యాస్ వచ్చాక మానేశారు, ఆకు పేరుకుంది, నేల బలిసింది, వేరే చెట్లు చొరబడ్డాయి, శోరో కనపడ్డం తగ్గిపోయింది. అందుకే ఇప్పుడు వాలంటీర్లు పోయి మళ్ళీ ఊడుస్తున్నారు. పైన్‌కి బీద నేలే బలం. ఇది చదివి మీ సరుగుడు తోటలో కూడా ఆకంతా ఊడ్పించేయకండి, మనది లోపలి బూజు, ఎండ వేరు, ఇసుక నిప్పు మాదిరి కాలుతుంది. మొదటి రెండేళ్ళు ఆకుని మొక్క మొదట్లోనే ఉంచండి, తడి నిలుస్తుంది. తర్వాత ఊళ్ళో ఆడోళ్ళు పొయ్యికి ఊడ్చుకుంటామంటే ఒక వరస విడిచి ఒక వరస ఊడ్చుకోనీయండి, ఎండాకాలం మంట అంటుకునే భయం కూడా తగ్గుతుంది.

మొదటి ఏడు కొన్ని మొక్కలు పోతాయి, మామూలే. ఆ గుంతల్లో రెండో ఏడు నాటేటప్పుడు మళ్ళీ తొట్టి మట్టి మోసుకుపోనక్కర్లేదు, అటూ ఇటూ బతికిన చెట్ల సన్న వేర్లు అప్పటికే ఆ గుంత అంచులోకి వచ్చి ఉంటాయి, అవి తెగకుండా గుంత తీసి, అదే మట్టి మళ్ళీ మొక్క చుట్టూ వేస్తే సరిపోతుంది.